రెండు పడవలకూ ఒకే మరక

(పదకొండవ భాగం)

పోయిన వారం పత్రిక చేతికందనివారికి, అంది కూడా మరిచిపోయినవారికి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

పొగ ఓడ మునిగి నలభై రోజులైంది. పోయినవాళ్లలో ఊరందరికీ తెలిసిన మనిషి ఒక్కడే. వంతెనలు కట్టే ఇంజనీరు. ఓడల కంపెనీ యజమాని ఒక్కగానొక్క కూతుర్ని పెళ్లాడవలసినవాడు. ఆ పిల్ల మెడలో మూడు పేటల ముత్యాలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి పత్రికలవాళ్లు ఆమెకు ముత్యాల పిల్ల అని పేరు పెట్టుకున్నారు. ఓడ కదలబోయే ముందు ఓడ పై అంతస్తు మీద వాళ్లిద్దరూ నిలబడి తీయించుకున్న ఫొటోలోంచి రెండు తలకాయలూ కత్తిరించి, గుండ్రటి చట్రంలో అచ్చు వెయ్యని పత్రిక లేదు. "ఆ చూపు చూడండి" అని కింద రాయనివాడూ లేడు. బాయిలరులో బొగ్గు వేసేవాళ్లు అరవై మంది పోయారు. వాళ్లకు ఎనిమిదో పేజీలో రెండు లైన్లు దక్కాయి.

ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లలో ఓడ వడ్రంగి ఒకడు. బతికినందుకు నేరం అతని నెత్తిన పడింది. కుడివైపు ఇనుప కొక్కేలకు వేలాడుతూ రెండు పడవలున్నాయి, వెనకది దించలేకపోవడం వడ్రంగి నిర్లక్ష్యం అంటుంది కంపెనీ. వెనకది అసలు లేనే లేదు, ఆ కొక్కేలు ఖాళీగానే బయలుదేరాం అంటాడు వడ్రంగి. కంపెనీ మాట నెగ్గితే అతనికి పదేళ్ల జైలు. ఈ మధ్యాహ్నం రెండింటికి విచారణ సంఘం కూర్చుంటుంది. ఎవడూ కాదనలేని సాక్ష్యం ఒకటి చూపిస్తామని కంపెనీ లాయరు ఊరంతా చాటాడు. ఆ సాక్ష్యం ఏమై ఉంటుందా అని బుర్ర బద్దలు కొట్టుకుంటూ వడ్రంగి అక్క పెన్సిలమ్మ తను పనిచేసే ఫొటో స్టూడియో మెట్లెక్కింది. అక్కడ ఆపాం.

*

పైగది తలుపు తీసేసరికి ఆమె స్టూలు మీద వేరే మనిషి కూర్చుని ఉంది.

ఆ గది పెన్సిలమ్మది. ఇరవై రెండేళ్లుగా ఆమెది. అసలు పేరు పలికేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. ఉత్తరం కిటికీ దగ్గర ఫొటోలు దిద్దడానికి వాలుగా నిలబెట్టిన టచింగ్ బల్ల, దాని మధ్యలో గాజు, కింద కిటికీ వెలుగును పైకి కొట్టే అద్దం. గరుకు కాగితం మీద సూదుల్లా అరగదీసిన పెన్సిళ్లు. గోడ పొడుగునా చెక్క అరలు, అరల్లో కాగితపు సంచుల్లో నిలబెట్టిన గాజు నెగటివులు. ఊళ్లో పెళ్లయిన ప్రతి ముఖం, పెళ్లి కావలసిన ప్రతి ముఖం ఆ అరల్లోంచి వెళ్లిందే. మొటిమలు, మచ్చలు, ముడతలు, నిద్ర లేని కళ్ల కింది నలుపు అన్నీ ఆమె పెన్సిలు కింద మాయమయ్యాయి. "ఈ ఊళ్లో నున్నటి బుగ్గలన్నీ నా చలవే" అనేది ఆమె. అందులో అబద్ధం లేదు.

"నువ్వేనా టచింగ్ చేసేది?" అంది స్టూలు మీది మనిషి.

నల్ల బట్టలు, మూడు పేటల ముత్యాలు. ఎవరని అడగక్కర్లేదు.

"నేనేనండి. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. కాస్త ఇటు జరగండి, పడతారు."

ముత్యాల పిల్ల జరిగింది. చేతిలో ఒక ఫొటో, ఒక భూతద్దం. ఈ నలభై రోజుల్లో మనిషి సగమైంది గాని కళ్లు మాత్రం దేన్నో వెతుకుతున్నట్టే ఉన్నాయి. దుఃఖపడేవాళ్ల కళ్లు పెన్సిలమ్మకు బాగా తెలుసు, రోజూ బాగుచేసేది వాటినే. ఇవి వేరే రకం.

"ఫొటోగ్రాఫరు గారు కింద లేరండీ?"

"విచారణ హాల్లో స్టాండు బిగించడానికి వెళ్లాడు. పెద్ద ప్రింటు నిన్ననే తీసుకెళ్లారు, మనిషెత్తుది. సంఘం వాళ్లు అడిగితే చూపించడానికి గాజు పలక కూడా కావాలన్నాడు మా లాయరు. గుమస్తాని పంపుతానన్నారు నాన్నగారు. నేనే తెస్తానని చెప్పకుండా వచ్చేశాను."

"ఏ ప్రింటండి?"

"మా ఇద్దరిదీ. ఓడ మీద తీసింది."

"జంట ఫొటోతో విచారణవాళ్లకేం పని?"

"వాళ్లకి కావలసింది మేం కాదులే. వెనకాల పడవలున్నాయిగా, అవి. రెండూ శుభ్రంగా కనిపిస్తున్నాయి. వెనక పడవ లేనే లేదని ఆ వడ్రంగి బొంకుతున్నాడే, వాడి ముఖాన కొట్టడానికి."

పెన్సిలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

సాక్ష్యం ఇదన్నమాట. నలభై రోజులుగా తమ్ముడు చెబుతున్న మాట ఆమె చెవిన పడుతూనే ఉంది. ఖాళీగా ఉంది, ఖాళీగా ఉంది. ఆ ఖాళీకీ, తను పూడ్చిన ఖాళీకీ సంబంధం ఉంటుందని ఇంతవరకూ తట్టలేదు. ఎలా తడుతుంది? టచింగ్‌కు పలకను తలకిందులుగా పెట్టుకుంటారు. అలా పెడితే ముఖం ముఖంలా అనిపించదు, చెయ్యి వణకదు. నెగటివులో తెల్లనిది నల్లన, నల్లనిది తెల్లన. ఆమె కంటికి అక్కడ ఓడా లేదు, పడవా లేదు. తెల్లగా కనబడే పొగగొట్టం ముందు వంగిన రెండు ఇనుప కొక్కేలు, మధ్యలో బోసిగా ఒక జాగా. "కుడిపక్క పళ్లూడిన నోరులా ఉంది, పక్కదాంట్లోంచి చూసి నింపెయ్" అన్నాడు ఫొటోగ్రాఫరు. నింపింది. ఒక పూట పని. ఓడ మునిగిన కబురు ఊళ్లోకి రాకముందే పలక అరలోకి వెళ్లిపోయింది. తర్వాత పత్రికల్లో వచ్చినవి తలకాయలే.

"ఏంటలా అయిపోయావు?"

"మెట్లెక్కి వచ్చానండి. ఆయాసం."

"నువ్వు రాకముందు నుంచీ ఒకటి అడగాలని కూర్చున్నాను." ముత్యాల పిల్ల ఫొటోను బల్ల మీద పెట్టి దాని మీద భూతద్దం ఉంచింది. "నాకు రోజూ ఇదే పని. అతన్ని చూడడం అయిపోయాక వెనకాల ఉన్నవి చూస్తాను. ముందు పడవ అడుగున ఒక మరక ఉంది చూడు, రంగు కారిపోయినట్టు. గుర్రపు డెక్కలాగా."

"ఉందండి."

"వెనక పడవకీ ఉంది. అదే చోట, అదే డెక్క. తాడు కొస కూడా రెండింటికీ ఒకే వంపు తిరిగింది. రెండు పడవలకి ఒకే మరక ఎలా పడుతుంది?"

ఆమె నిజంగానే అడుగుతోంది. అనుమానంతో కాదు. గడియారం వెనక మూత తీసి చూసే పిల్లల్లాగా.

పెన్సిలమ్మకు రెండు దారులు కనబడ్డాయి. ఒకటి: ఒకే పెయింటరు ఒకే రోజు వేస్తే అంతేనండి అనేసి పలక ఇచ్చి పంపడం. అప్పుడు ఉద్యోగం ఉంటుంది, తమ్ముడు జైలుకు పోతాడు. రెండోది: నోరు విప్పడం. అప్పుడు మొదట అడిగే ప్రశ్న, దొంగ బొమ్మ వేసిందెవరు అనే. ఆలోచన ఎంతోసేపు పట్టలేదు. పెన్సిలమ్మ నెమ్మదిగా ఆలోచించే మనిషి కాదు.

అరలోంచి సంచి తీసింది. సంచిలోంచి పలక తీసి అంచులు పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"ఇలా రండి. గాజు మధ్యలో వేలు పెట్టకండి, అంచు పట్టుకోండి. ఆ. ఇప్పుడు వెలుగులోకి కాదు, వెలుగు పక్కకి వాల్చండి. అద్దంలో మెరుపు చూసుకున్నట్టు. ఇంకాస్త. ముందు పడవ ఎలా ఉంది?"

"నల్లగా. మసిలా."

"మెరుస్తోందా?"

"లేదు."

"వెనకది?"

ముత్యాల పిల్ల పలకను అటూ ఇటూ వాల్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"మెరుస్తోంది. వెండి గీతల్లా. సన్నగా, వందల గీతలు. ఏంటిది?"

"పెన్సిలండి."

"పెన్సిలేంటి?"

"కెమెరా చూసింది మసిలా ఉంటుంది. నేను గీసింది మెరుస్తుంది. వెనక పడవ నేను గీశాను. అక్కడ పడవ లేదు, రెండు కొక్కేలున్నాయంతే. బోసిగా ఉందన్నారు, పక్కదాన్ని చూసి వేశాను. మరకతో సహా వేశాను. అందుకే ఒకే మరక."

కింద వీధిలో బండి చక్రాల చప్పుడు వచ్చి పోయింది. ముత్యాల పిల్ల పలకను మెల్లగా బల్ల గాజు మీద ఆనించింది.

"అబద్ధం."

"అబద్ధం ఆడితే లాభం ఎవరికండీ? నా పని పోతుంది, నా పరువు పోతుంది."

"ఆ వడ్రంగి తరఫువాళ్లు ఎవరైనా నీతో..."

"ఆ వడ్రంగి నా తమ్ముడు."

అంతే. గదిలో ఉన్న మర్యాద అంతా ఆ ఒక్క మాటతో ఎగిరిపోయింది.

"అదీ సంగతి! పొద్దున్నే లేచి నాకు కథలు చెబుతున్నావు. వాడి వల్ల ఎంతమంది పోయారో తెలుసా నీకు? నా వాడు పోయాడు! ఇంకో పడవంత మంది బతికేవాళ్లు. ఆ పడవ దించి ఉంటే—"

"ఉంటేగా దించేది!" పెన్సిలమ్మ గొంతు కూడా లేచింది. మీరు అనడం ఎటు పోయిందో తెలియలేదు. "నీ వాడు పోయాడు, సరే. బొగ్గు కొట్టంలో అరవై మంది పోయారు, వాళ్లు ఎవరి వాళ్లు? వాళ్ల పెళ్లాలు ఏ భూతద్దం పట్టుకుని ఎవర్ని చూసుకోవాలి? వాళ్లకి ఫొటోలే లేవు. నా తమ్ముడు రెండు చేతుల చర్మం ఊడేదాకా ముందు పడవ తాళ్లు పట్టి వదులుతూ నలభై మందిని దింపాడు. వాణ్ణి నేరస్తుడు అంటున్నారు. ఎందుకు? నేను గీసిన బొమ్మ ఉంది కాబట్టి! నా చేత్తో నేను వాడికి ఉరి పేనాను, తెలుసా నీకు? నాకంటే నీకెక్కువ మండుతోందా?"

ముత్యాల పిల్ల పలకను మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఈసారి అడగకుండానే పక్కకు వాల్చింది. వెనక పడవ మెరిసింది. ముందు పడవ మెరవలేదు. ఎన్నిసార్లు వాల్చినా అంతే. కోపం ఉన్న మనిషి గాని, కంటికి కనబడేదాన్ని కాదనే మనిషి కాదు.

అలా వాలుస్తూ వాలుస్తూ ఆగిపోయింది.

"ఇక్కడ కూడా మెరుస్తోంది."

ఈ సంగతి పెన్సిలమ్మ మరిచిపోలేదు. చెప్పకుండా దాటేద్దామనుకుంది.

"ఎక్కడండీ?"

"అతని కళ్లలో. రెండు చుక్కలు. చుక్కల పక్కన చిన్న గీత." భూతద్దం తెచ్చి పలక మీద ఆనించింది. "ఇది కూడా నువ్వేనా?"

"ఆ."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదండి. పడవ చెప్పి చేయించారు. కళ్లు నేనే చేశాను." మళ్లీ మీరు లోకి వచ్చేసింది పెన్సిలమ్మ. "ఆయన మిమ్మల్ని చూడలేదు ఫొటోలో. మీ భుజం మీదుగా ఎటో చూస్తున్నారు. పక్కన బంగారంలాంటి పిల్లని పెట్టుకుని ఈయనెటు చూస్తున్నాడ్రా అనుకున్నాను. నల్లగుడ్డు ఒక పక్క కాస్త తెలుపు పూసి, ఇటువైపు చుక్క పెట్టాను. చూపు మీ మీదకి తిరిగింది. రోజూ చేసే పనే. ఈ ఊళ్లో సగం మంది మొగుళ్లు ఫొటోల్లో పెళ్లాల్ని చూస్తున్నారంటే అది నేను తిప్పిన చూపే."

నవ్వొస్తుందనుకుని అన్న మాట కాదు. కాని ముత్యాల పిల్ల నవ్వింది. ఒక్కసారి, దగ్గులాగా. తర్వాత స్టూలు మీద కూలబడింది. పొట్టి కాలు వైపు ఒరిగి బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

"అతను నన్ను ఎప్పుడూ అలా చూడలేదు," అంది. "మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నాకంటే ముందు మా మెట్లని పలకరించాడు. మూడో మెట్టు కుంగిందని చెప్పాడు మా అమ్మకి. ఎక్కడికెళ్లినా ఏది వంగింది, ఏది ఊడింది, ఏది లేదు, అవే చూస్తాడు. నేనంటే ఇష్టమేనా అని అడిగితే, నీలో సరిచెయ్యాల్సింది ఏదీ కనబడట్లేదు, అందుకే చూడట్లేదు అన్నాడు. అదేం జవాబు చెప్పు? ఈ ఫొటో వచ్చాక... నేను చూడనిది కెమెరా చూసింది అనుకున్నాను. వెళ్లేముందు ఒక్కసారి చూశాడు, నాకే తెలియలేదు అనుకున్నాను. నలభై రోజులు దాంతోనే బతికాను."

ఎదుటివాళ్ల ముఖాలు బాగుచేసి పంపడమే గాని, ఆ బాగు ఎవరి ఇంట్లో ఏం చేస్తుందో పెన్సిలమ్మ ఎప్పుడూ వెనక వెళ్లి చూడలేదు.

ముత్యాల పిల్ల మళ్లీ భూతద్దం మీదకు వంగింది. పెన్సిలు గీత కింద అసలు నల్లగుడ్డు అంచు, సన్నగా, అలాగే ఉంది. పలక చెరిగిపోదు. పైన పూసింది మాత్రమే చెరుగుతుంది. ఆమె వేలు గాజుకు తగలకుండా ఆ కంటి దగ్గర నుంచి గాలిలో ఒక గీత గీసింది. తన బొమ్మ భుజం మీదుగా వెళ్లి ఆ వేలు కొక్కేల దగ్గర ఆగింది.

"అక్కడ చూస్తున్నాడు."

"అవునండి."

"లేని పడవని చూస్తున్నాడు." గొంతులో ఏడుపు లేదు. లెక్క తేలుతున్నప్పుడు ఉండే వేగం ఉంది. "అప్పుడే మెట్ల నిచ్చెన ఎత్తేస్తున్నారు. నన్ను కిందకి దింపేశారు. ఎవరితోనో మాట్లాడి వస్తానని అతను గబగబా వెనక్కి వెళ్లాడు. చెయ్యి ఊపలేదు. దానికి కూడా ఏడ్చాను నేను. ఎవరితో మాట్లాడాడు? ఏం చెప్పారు అతనికి?"

"టర్పెంటైను, దూది ఉన్నాయండి," అంది పెన్సిలమ్మ నెమ్మదిగా. "పడవ తుడిచేస్తాను. కొత్త ప్రింటు రెండింటిలోగా వేయించొచ్చు. కళ్లు ముట్టుకోను. అవి మీకు ఉంచేస్తాను."

"తుడవొద్దు!"

"మరి?"

"ఇక్కడ తుడిస్తే మా లాయరు ఏమంటాడో తెలుసా? నిజం పడవని వడ్రంగి అక్క చెరిపేసింది అంటాడు. అందరి ముందు వాల్చి చూపించాలి, మెరుపు వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి. అప్పుడు వాళ్ల ముందే తుడవాలి. పడవ, కళ్లు, రెండూ."

"కళ్లెందుకండీ? వాటికీ విచారణకీ—"

"ఒక్క గీత మిగిలినా అది పట్టుకుంటాడు. ఇది ఎందుకు ఉంచారు, అది ఎందుకు చెరిపారు అని. నాకు తెలుసు వాళ్ల సంగతి, వాళ్లింట్లో పుట్టాను." లేచి నిలబడింది. "నువ్వు ఒక్కదానివే చెబితే తోసేస్తారు. నేను పక్కన నిలబడి చెబితే తోసెయ్యలేరు. ముత్యాలున్న మెడ మాట వింటారు. సిగ్గుచేటే. కాని ఈ రోజుకి అది మనకి పనికొస్తుంది. వస్తావా?"

పెన్సిలమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. పొద్దున్న లోపలికి వచ్చినప్పుడు చూసిన ముఖం కాదు. బాగుచేయవలసిన ముఖమూ కాదు.

"ఇరవై రెండేళ్లుగా మీలాంటివాళ్లని అద్దంలో చూసుకోనివ్వకుండా అందంగా చేసి పంపానండి. మీరే మొదటివారు, పలక తిప్పి చూసింది. వస్తాను. వెళ్లేది మీ నాన్నగారి మీదకే, అది గుర్తుందా?"

"ఆయనకి తెలిసి ఉండదు. ఎవరో మేనేజరు చేసిన పని అయి ఉంటుంది. ఆయన ఓడల్ని కూతురి కంటే ఎక్కువ చూసుకుంటారు."

ఈ మాట అంటున్నప్పుడు ఆమె తన మాట తనే వింటున్నట్టు తల పక్కకు వాల్చింది, పలకను వాల్చినట్టే.

మెట్ల మీద అడుగులు. బరువైనవి. తొందర లేనివి. ఫొటోగ్రాఫరువి కావు, ఆయన రెండేసి మెట్లు ఎక్కుతాడు. తలుపు తోసుకుని ఓడల కంపెనీ యజమాని వచ్చాడు. తెల్లటి మీసం, చేతిలో టోపీ, ఎండకు ఎర్రబడిన ముఖం. పత్రికల్లో కంటే పొట్టిగా ఉన్నాడు. పెన్సిలమ్మను చూడలేదు. అలాంటివాళ్ల కంటికి పనివాళ్లూ గదిలో సామానే.

"ఇక్కడున్నావా అమ్మా! గుమస్తా వస్తాడుగా, నువ్వెందుకు శ్రమపడటం? ఇలా ఇవ్వు. జాగ్రత్త, గాజు."

చెయ్యి చాచాడు. ముత్యాల పిల్ల పలకను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. బల్ల నడుముకు తగిలింది. ఇక వెనక్కి జాగా లేదు.

"ఇస్తాను నాన్నగారూ. ఒకటి చెప్పండి చాలు. వెనక పడవ ఎక్కడికి పోయింది?"

పెన్సిలమ్మ ఆయన ముఖం చూసింది. ముఖాలు చదవడం తప్ప వేరే చదువు లేని మనిషి ఆమె. ఏ పడవ అంటాడని ఎదురుచూసింది. ఫొటోలో ఉందిగా అంటాడని, పిచ్చిపిల్లా అని నవ్వుతాడని ఎదురుచూసింది. తమ్ముడి పదేళ్లూ ఆ ఒక్క జవాబు మీద వేలాడుతున్నాయి.

ఏ పడవ అని ఆయన అడగలేదు.

వెనక్కి తిరిగి తలుపు మూశాడు. గడియ పెట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.